పిలవని పేరంటం

(ప్రోగ్రామింగ్ చరిత్ర – పదకొండో భాగం)

బ్యాంకు ఖాతాకి ఒక క్లాసు రాశారనుకోండి. డబ్బు వేయడం, తీయడం, బదిలీ చేయడం, నిల్వ చూపించడం అని నాలుగు మెథడ్లు. నాలుగింటిలోనూ మొట్టమొదటి పని ఒకటే: అడుగుతున్న మనిషికి ఆ హక్కు ఉందో లేదో చూడటం. కాబట్టి అదే వాక్యాన్ని నాలుగు చోట్లా రాస్తాం. కొన్నాళ్లకి ఆ నాలుగు మెథడ్లు నలభై అవుతాయి. నలభై ఒకటోది రాసే కుర్రాడికి ఆ వాక్యం సంగతి ఎవరూ చెప్పరు. అతను రాసిన మెథడ్ చక్కగా పనిచేస్తుంది, చిక్కంతా అందులోనే ఉంది. ప్రోగ్రాము ఆగిపోతే ఎవరో ఒకరు వచ్చి చూస్తారు. తనిఖీ మరిచిపోయిన ప్రోగ్రాము ఆగదు కదా, వచ్చిన వాళ్లందరికీ తలుపు తీస్తూ పోతుంది.

క్లాసులో ప్రతి మెథడ్‌కీ ముందు ఒక ఉమ్మడి కోడ్ దానంతటదే నడిచేలా చేయలేమా? ఈ కోరికకు అరవై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ ఉమ్మడి వాక్యాన్ని ఎవరు గుర్తుపెట్టుకోవాలి? మెథడ్ రాసేవాడా, క్లాసా, కంపైలరా, లేక ఎక్కడో వేరే ఫైల్లో కూర్చున్న మూడో మనిషా? జవాబు మారినప్పుడల్లా ఒక కొత్త భాషో, కొత్త పనిముట్టో పుట్టుకొచ్చింది. నా ఓటు మాత్రం 1970ల నాటి జవాబుకే. ఎందుకో చెబుతాను.

ముందు ఆస్లో. నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ తయారుచేసిన సిములా 67 భాషలోనే ఇవాళ మనం వాడే అర్థంలో క్లాసు, సబ్‌క్లాసు పుట్టాయి. టోల్ వసూలు చేసే వంతెన దగ్గర బారులు తీరిన లారీలూ బస్సులూ వాళ్లకి ఉదాహరణ. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని ఒక్కసారే రాసి, మిగతాది విడిగా రాయాలన్నది ఆలోచన. సిములాలో క్లాసు అంటే వట్టి డేటా, ప్రొసీజర్ల మూట కాదు. క్లాసుకి తనదంటూ నడిచే కోడ్ ఉంటుంది. ఆ కోడ్ మధ్యలో ‘ఇన్నర్’ అన్న ఒక్క పదం రాస్తే, సబ్‌క్లాసు కోడ్ వచ్చి సరిగ్గా అక్కడ కూర్చుంటుంది. ఇన్నర్‌కి పైన రాసింది సబ్‌క్లాసు కంటే ముందు నడుస్తుంది, కింద రాసింది తరవాత. సబ్‌క్లాసు రాసేవాడు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అంతే. పెత్తనమంతా పై క్లాసుది.

అయితే సిములాలో ఈ సదుపాయం క్లాసు తాలూకు కోడ్‌కే ఉండేది, లోపలి ప్రొసీజర్లకి లేదు. నైగార్డ్ తరవాత డెన్మార్క్ వాళ్లతో కలిసి చేసిన బేటా అనే భాషలో దాన్ని ప్రొసీజర్లకి కూడా తెచ్చారు. కానీ అప్పటికే లోకం స్మాల్‌టాక్ వైపు తిరిగింది. స్మాల్‌టాక్‌లో పెత్తనం తలకిందులైంది: పై క్లాసు మెథడ్‌ని ‘సూపర్’ అని పిలవాలా వద్దా అన్నది కింది క్లాసు ఇష్టం. పిలవడం మరిచిపోతే పై క్లాసు చేయగలిగింది ఏమీ లేదు. జావా, పైథాన్, రూబీ అన్నీ ఈ దారిలోనే నడిచాయి. నలభై ఒకటో మెథడ్ సమస్య అంత సర్వసాధారణం కావడానికి ఇదీ ఒక కారణం.

సిములా క్లాసుని చూసి మరో ఇద్దరికి వేరే ఆలోచన వచ్చింది. ఒకాయన బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో ఉన్న టోనీ హోర్. రెండో ఆయన డెన్మార్క్ నుంచి అమెరికా వెళ్లి కాల్టెక్‌లో పనిచేస్తున్న పెర్ బ్రించ్ హాన్సెన్. వాళ్లని వేధించింది ఆపరేటింగ్ సిస్టమ్. రెండు ప్రోగ్రాములు ఒకే సమయంలో ఒకే డేటాని ముట్టుకుంటే ఏమవుతుంది? రైల్లో ఒకే బెర్తు ఖాళీగా ఉంది. రెండు ప్రోగ్రాములూ ఒకేసారి చూశాయి, రెండింటికీ ఖాళీగానే కనిపించింది, రెండూ అమ్మేశాయి. దీనికి మందు అప్పటికే తెలుసు: డేటా ముట్టుకునే ముందు తాళం వేయాలి, పని అయ్యాక తీయాలి. కానీ ప్రతి ప్రొసీజర్‌లోనూ ప్రోగ్రామరే గుర్తుంచుకుని ఆ తాళం వేయాలి. ఒక్క చోట మరిచినా కొంప మునుగుతుంది, అదీ ఎప్పుడో ఒకసారి మాత్రమే మునుగుతుంది కాబట్టి పట్టుకోవడం మరీ కష్టం.

1973లో బ్రించ్ హాన్సెన్ ఆపరేటింగ్ సిస్టమ్ సూత్రాల మీద రాసిన పుస్తకంలో, 1974 అక్టోబరులో హోర్ ప్రచురించిన వ్యాసంలో దీనికి వచ్చిన పరిష్కారం పేరు మానిటర్. క్లాసు లాంటిదే, కానీ ఒక నియమం ఉంది. బయటినుంచి దానిలోని ఏ ప్రొసీజర్‌ని పిలిచినా, ఆ ప్రొసీజర్ మొదటి వాక్యం కంటే ముందే తాళం పడుతుంది, బయటికి వచ్చేటప్పుడు తెరుచుకుంటుంది. ప్రొసీజర్‌లో తాళం అన్న మాటే కనిపించదు. క్లాసు పేరు దగ్గర ఇది మానిటర్ అని ఒక్కసారి చెబితే చాలు, మిగతాది కంపైలర్ బాధ్యత. నలభై ఒకటో ప్రొసీజర్ రాసేవాడు మరిచిపోవడానికి అసలు ఏమీ మిగల్లేదు. పైగా మానిటర్ లోపలి డేటాని బయటివాళ్లు నేరుగా ముట్టుకుంటే కంపైలర్ ఒప్పుకోదు. 1975లో బ్రించ్ హాన్సెన్ ఈ పద్ధతితోనే కాంకరెంట్ పాస్కల్ అనే భాష చేసి, దానితో పీడీపీ 11/45 యంత్రం మీద సోలో అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాసి చూపించాడు.

నాకు నచ్చిన జవాబు ఇదే. ఉమ్మడి కోడ్ ఉందన్న సంగతి క్లాసు మొదటి వరసలోనే రాసి ఉంటుంది, అందరికీ కనిపిస్తుంది. అమలు మాత్రం యంత్రానిది. దీని హద్దు కూడా అంతే స్పష్టం: మానిటర్‌కి తాళం ఒక్కటే తెలుసు. హక్కుల తనిఖీ కావాలన్నా, లెక్క రాసుకోవాలన్నా ఆ మాట భాష తయారుచేసినవాడికే చెప్పుకోవాలి.

1986 నాటికి బెర్ట్రాండ్ మేయర్ ఐఫెల్ భాషలో ఈ హద్దుని కొంచెం జరిపాడు. క్లాసుకి ఎప్పుడూ నిజమై ఉండాల్సిన షరతులు, ఉదాహరణకి ఖాతా నిల్వ సున్నా కంటే తగ్గకూడదన్నది, ప్రోగ్రామరే క్లాసు చివర రాస్తాడు. ఆ తనిఖీ పెట్టుకుంటే, బయటినుంచి పిలిచిన ప్రతి మెథడ్‌కీ ముందూ వెనకా ఐఫెల్ ఆ షరతుని చూస్తుంది. ఇందులో మేయర్ తెలివిగా తీసుకున్న నిర్ణయం ఒకటుంది. ఒక మెథడ్ తన క్లాసులోనే ఉన్న ఇంకో మెథడ్‌ని పిలిస్తే ఈ తనిఖీ జరగదు. పని సగంలో ఉన్నప్పుడు వస్తువు తాత్కాలికంగా అస్తవ్యస్తంగా ఉండవచ్చు, అది తప్పు కాదు. ఈ ‘లోపలి పిలుపు’ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ ఎదురవుతుంది.

ఇక కథ రెండో పాయకి రావాలి. దీనికి కాలంలో కాస్త వెనక్కి, 1966కి వెళ్లాలి. ఎంఐటీలో వారెన్ టైటెల్‌మన్ అనే విద్యార్థి మార్విన్ మిన్‌స్కీ దగ్గర డాక్టరేట్ చేస్తూ పైలట్ అనే వ్యవస్థ రాశాడు. అతని బాధ తాళాలూ తనిఖీలూ కాదు. కృత్రిమ మేధ కోసం రాసే పెద్ద పెద్ద లిస్ప్ ప్రోగ్రాములని రోజూ మార్చి మార్చి చూడాలి. ఒక ఫంక్షన్ ప్రవర్తన కొంచెం మారాలంటే దాని కడుపు కోసి లోపల కుట్టాల్సి వచ్చేది. అదంతా అక్కర్లేదన్నాడు టైటెల్‌మన్. ఫంక్షన్‌ని ముట్టుకోకుండా, దానిలోకి పోయే దారిలోనో బయటికి వచ్చే దారిలోనో చిన్న కోడ్ ముక్క తగిలిస్తే చాలు. దానికి ‘అడ్వైస్’ అని పేరు పెట్టాడు. లోపల ఏముందో తెలియకపోయినా ఫలానా అంకె వస్తే ఇలా చెయ్యి అని బయటినుంచి చెప్పవచ్చు. తరవాత అతను బీబీఎన్ కంపెనీకి, 1972లో జిరాక్స్ పార్క్‌కి వెళ్లాడు. అడ్వైస్ కూడా అతని వెంటే ఇంటర్‌లిస్ప్‌లోకి వెళ్లింది. ఈమ్యాక్స్ ఎడిటర్ వాడేవాళ్లు ఇవాళ్టికీ అదే పేరుతో అదే పని చేస్తున్నారు.

మానిటర్‌కీ అడ్వైస్‌కీ తేడా చూడండి. మానిటర్‌లో తాళం సంగతి క్లాసుకి తెలుసు. అడ్వైస్ తగిలించిన ఫంక్షన్‌కి మాత్రం ఆ సంగతి తెలియనే తెలియదు. దాని కోడ్ ఎన్నిసార్లు చదివినా ముందు ఇంకేదో నడుస్తోందన్న ఆచూకీ దొరకదు. ఇది పిలవని పేరంటం. ఒక్కడే కూర్చుని తన ప్రోగ్రాముతో ప్రయోగాలు చేసుకునేటప్పుడు అదొక వరం. యాభై మంది కలిసి పనిచేసే చోట ఏమవుతుందన్న ప్రశ్న 1966లో ఎవరికీ రాలేదు, రావలసిన అవసరమూ లేదు.

1970ల చివర్లో అదే ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో లిస్ప్ మెషిన్ అనే కంప్యూటర్ తయారైంది. దాని కోసం హోవర్డ్ క్యానన్ ఫ్లేవర్స్ అనే వస్తు వ్యవస్థ రాశాడు. పేరు చూస్తేనే తెలుస్తుంది, ఐస్‌క్రీమ్ నుంచి వచ్చింది. పక్క ఊరు సోమర్‌విల్‌లో 1973లో స్టీవ్ హెరెల్ పెట్టిన ఐస్‌క్రీమ్ కొట్టు ఒకటుండేది. అడిగిన ఐస్‌క్రీమ్‌లో అడిగిన బిస్కెట్ ముక్కలూ మిఠాయి ముక్కలూ కళ్లెదుటే కలిపి ఇచ్చేవాళ్లు. ఆ కలుపుడు సరుకుని మిక్స్-ఇన్ అనేవాళ్లు. ప్రయోగశాల కుర్రాళ్లకి ఆ మాట బాగా నచ్చింది. విడిగా పనికిరాని, ఇంకో క్లాసులో కలిపితేనే పనికొచ్చే చిన్న క్లాసుకి మిక్సిన్ అని పేరు పడింది. అన్నిటికీ మూలమైన క్లాసు ఏ ఫ్లేవరో చెప్పక్కర్లేదు, వనిల్లా!

మిక్సిన్ ఉన్నంత మాత్రాన చాలదు. తెర మీది కిటికీకి అంచు గీసే మిక్సిన్, పేరు రాసే మిక్సిన్ రెండూ కలిశాయి. కిటికీని తిరగ గీయమని చెప్పినప్పుడు ఎవరి కోడ్ నడవాలి? ఫ్లేవర్స్ జవాబు అందరిదీ నడవాలని. అసలు పని చేసే మెథడ్ ఒక్కటే ఉంటుంది. ‘బిఫోర్’ అని గుర్తు పెట్టినవన్నీ దానికి ముందు, ‘ఆఫ్టర్’ అని గుర్తు పెట్టినవన్నీ దాని తరవాత నడుస్తాయి. వీటికి డీమన్‌లు అని పేరు. సూపర్‌ని పిలవడం మరిచిపోయే ప్రమాదం లేదు, ఎందుకంటే పిలవాల్సిన పనే లేదు. ఆస్లోలో ఇన్నర్ చేసిన పనిని ఇక్కడ ఎన్ని వైపుల నుంచైనా చేయవచ్చు.

ఫ్లేవర్స్‌నీ, జిరాక్స్ పార్క్‌లో పెరిగిన లూప్స్ సంప్రదాయాన్నీ కలిపి కామన్ లిస్ప్ వస్తు వ్యవస్థ, క్లోస్, తయారుచేశారు. 1988లో కామన్ లిస్ప్ ప్రమాణాల కమిటీ దాన్ని ఆమోదించింది. బిఫోర్, ఆఫ్టర్‌లతో పాటు రెండింటినీ చుట్టి పట్టుకునే ‘అరౌండ్’ కూడా అందులో ఉంది. ఈ కమిటీ రచయితల్లో ఒకడు గ్రెగర్ కిజాలెస్. ఈ పేరు మళ్లీ వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. క్లోస్‌లో బిఫోర్ రాయాలంటే ఏ పనికి ముందో పేరు చెప్పాలి. డబ్బు తీయడానికి ముందు, డబ్బు వేయడానికి ముందు, ఇలా ఒక్కొక్కటీ విడివిడిగా రాయాలి. ‘ఈ క్లాసులో ప్రతిదానికీ ముందు’ అనే ఏర్పాటు అందులో లేదు. నలభై ఒకటో మెథడ్ మళ్లీ ఎదురొచ్చింది. అది కావాలంటే భాష అడుగున ఉన్న యంత్రాంగాన్నే మార్చాలి. మెథడ్‌ని ఎలా పిలవాలో నిర్ణయించే కోడ్‌ని కూడా ప్రోగ్రామర్ చేతికి ఇవ్వాలి. కిజాలెస్, జిమ్ డి రివియేర్, డేనియల్ బోబ్రో 1991లో రాసిన ‘ది ఆర్ట్ ఆఫ్ ది మెటాఆబ్జెక్ట్ ప్రోటోకాల్’ పుస్తకమంతా దీని గురించే. అంత శక్తి ఉన్న పనిముట్టుని మామూలు ప్రోగ్రామర్ రోజూ వాడడు, వాడకపోవడమే మంచిది కూడా.

కిజాలెస్‌కి ఇది తెలుసు. అందుకే తరవాతి ప్రయత్నంలో అడుగు యంత్రాంగాన్ని దాచేసి, పైన ఒక చిన్న భాష పెట్టాడు. 1997 జూన్‌లో ఫిన్లాండ్‌లోని యువాస్కులాలో జరిగిన యూరప్ ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ సదస్సులో జిరాక్స్ పార్క్ బృందం ఇచ్చిన వ్యాసం ఆస్పెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌కి పునాది. వాళ్ల వాదన ఇది: కొన్ని విషయాలు క్లాసులుగా విడగొట్టినా విడిపోవు. లాగింగ్, భద్రత, తాళాలు ప్రతి క్లాసులోనూ దారపు పోగుల్లా అడ్డంగా చిక్కుకుని ఉంటాయి. వాటిని లాగి విడిగా ఒకచోట రాసి, నడిపే ముందు యంత్రం చేత అల్లించాలి. ఆ వ్యాసంలో వాళ్లు చూపిన ఉదాహరణ చిత్రాలని విశ్లేషించే ఒక ప్రోగ్రాము. వేగం కోసం అన్నీ కలిపి రాసిన రూపం 35,213 వరసలు, విడగొట్టి రాసినది 1,039. అల్లే యంత్రం తాలూకు కోడ్ వేరే, దాన్ని ఈ లెక్కలో కలపలేదు. అయినా ఆ రోజుల్లో ఆ అంకె చూసి ఎవరి తల తిరగకుండా ఉంటుంది?

2001లో వచ్చిన ఆస్పెక్ట్‌జె 1.0 ఈ ఆలోచనని జావా వాళ్లకి అందించింది. మన ప్రశ్నకి అక్షరాలా జవాబు అందులో ఉంది: ఫలానా క్లాసులో పబ్లిక్ మెథడ్ ఏదైనా సరే, దాని ముందు ఇది నడపమని ఒకే వరసలో రాయవచ్చు. ఆ నడిచే ముక్క పేరేమిటో ఊహించండి. అడ్వైస్. టైటెల్‌మన్ మాట ముప్పై అయిదేళ్ల తరవాత కూడా చెక్కు చెదరలేదు.

దానితో పాటు అతని పద్ధతిలో ఉన్న ఇబ్బందీ వచ్చింది, ఈసారి చాలా పెద్ద ఎత్తున. రాబర్ట్ ఫిల్మన్, డేనియల్ ఫ్రీడ్‌మన్ 2000లో ఈ పద్ధతికి రెండు లక్షణాలు చెప్పారు. ఒకే మాటతో అనేక చోట్లకి వర్తించడం ఒకటి, ఆ చోట్లకి ఆ సంగతి తెలియకపోవడం రెండోది. రెండోదాన్ని వాళ్లు గుణంగానే చెప్పారు. విమర్శకులకి అదే దోషమైంది. ‘సెట్’ అన్న అక్షరాలతో మొదలయ్యే మెథడ్లన్నిటికీ ముందు తనిఖీ నడపమని రాశారనుకోండి. ఆర్నెల్ల తరవాత బాకీ తీర్చడానికి ఎవరో ‘సెటిల్’ అనే మెథడ్ రాస్తారు. దానికీ తనిఖీ తగులుకుంటుంది. ఇంకెవరో ‘సెట్‌అడ్రస్’ పేరుని ‘చేంజ్‌అడ్రస్’ అని మారుస్తారు. దానికి తనిఖీ ఊడిపోతుంది. ఇద్దరూ తప్పేమీ చేయలేదు, కంపైలరూ నోరెత్తదు.

విమర్శకుల చేతికి ఒక పాత హాస్యం కూడా దొరికింది. ‘గోటూ’ వాక్యం హానికరమని డైక్‌స్ట్రా 1968లో ఉత్తరం రాశాక, దాన్ని వెక్కిరిస్తూ లారెన్స్ క్లార్క్ 1973లో డేటమేషన్ పత్రికలో ‘కమ్‌ఫ్రమ్’ అనే వాక్యాన్ని ప్రతిపాదించాడు. గోటూ అంటే ఫలానా చోటికి వెళ్లు అని. కమ్‌ఫ్రమ్ అంటే ఎవరైనా ఫలానా చోటికి చేరితే నా దగ్గరికి లాక్కురా అని. ఫలానా చోట ఉన్నవాడికి ఆ ఉచ్చు కనపడదు. ముప్పై ఏళ్ల కిందటి వెక్కిరింతకీ ఆస్పెక్ట్‌కీ తేడా ఏమిటని 2004 ప్రాంతంలో కొందరు పరిశోధకులు నిలదీశారు. తేడా ఉంది, ఆస్పెక్ట్ మళ్లీ బయల్దేరిన చోటికే వస్తుంది. కానీ ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది.

ఇదంతా జరుగుతుండగా 1999లో బ్రించ్ హాన్సెన్ కోపంగా ఒక వ్యాసం రాశాడు. జావా కనిపెట్టిన వాళ్లు మానిటర్‌ని తీసుకున్నట్టే తీసుకుని దాని ప్రాణం వదిలేశారని ఆయన అభియోగం. జావాలో తాళం క్లాసు మొత్తానికి కాదు, ‘సింక్రనైజ్డ్’ అని రాసిన మెథడ్‌కే. రాయకపోతే లేదు. పాతికేళ్ల కిందట కంపైలర్ మోసిన బరువుని మళ్లీ ప్రోగ్రామర్ నెత్తిన పెట్టారన్న మాట. ఆయన గొంతు కాస్త కటువుగానే ఉంది గానీ ఆ అభియోగం తప్పని ఎవరూ అనలేరు.

పరీక్షల లోకంలో మాత్రం ఇదే ఆలోచన గొడవ లేకుండా ఇమిడిపోయింది. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా జ్యూరిక్ నుంచి అట్లాంటాకి విమానంలో వెళ్తూ రాసిన జేయూనిట్‌లో ‘సెటప్’ అనే మెథడ్ ఉంది. క్లాసులోని ప్రతి పరీక్షకీ ముందు అది తప్పకుండా నడుస్తుంది. దాన్ని ఎవరూ వెక్కిరించలేదు. అది అదే క్లాసులో, పరీక్షల పక్కనే, కళ్లెదుట ఉంటుంది మరి.

చివరికి ఎక్కువమంది చేతికి వచ్చింది స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్. రాడ్ జాన్సన్ 2002లో రాసిన పుస్తకంలోని కోడ్ నుంచి పెరిగి, 2004 మార్చిలో 1.0గా విడుదలైంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో జావా నేర్చుకున్న వాళ్లకి అడ్వైస్, అది ఎక్కడ తగులుకోవాలో చెప్పే పాయింట్‌కట్ అన్న మాటలు ఇంటర్వ్యూ ప్రశ్నలుగా కంఠతా వస్తాయి. స్ప్రింగ్ సాధారణంగా కోడ్‌ని అల్లదు. మీ వస్తువు ముందు అదే ఆకారంలో ఉన్న నకిలీ వస్తువుని, ప్రాక్సీని, నిలబెడుతుంది. 2000లో జావా 1.3తో వచ్చిన డైనమిక్ ప్రాక్సీ దీనికి ఒక ఆధారం. పిలిచినవాళ్లు తెలియకుండా ప్రాక్సీనే పిలుస్తారు. అది ముందు పని ముగించుకుని, అసలు వస్తువుని పిలుస్తుంది. క్లాసు మీద ‘ట్రాన్సాక్షనల్’ అని ఒక్క గుర్తు పెడితే, అందులోని పబ్లిక్ మెథడ్లని బయటినుంచి ఎప్పుడు పిలిచినా ముందు డేటాబేస్ లావాదేవీ సిద్ధమవుతుంది. క్లాసు నెత్తిన ఒక్క మాట, మిగతాది యంత్రానిది! దారి తిరిగి తిరిగి మానిటర్‌కి చాలా దగ్గరికే వచ్చింది.

మానిటర్‌లో లేని గొయ్యి కూడా ఇక్కడ ఉంది. గుర్తు క్లాసుకి కాకుండా ఒకే ఒక్క మెథడ్‌కి పెట్టారనుకోండి. అదే క్లాసులోని మరో మెథడ్ దాన్ని పిలిస్తే ఆ పిలుపు ప్రాక్సీ దాకా పోదు. ఇంట్లో వాళ్లు ఇంట్లో వాళ్లని పిలుచుకుంటే గుమ్మం దగ్గరున్న కాపలావాడికి పని లేనట్టే. లావాదేవీ మొదలవదు, పొరపాటు జరిగినప్పుడు సగం రాసిన డేటా వెనక్కి పోదు, ఎర్రర్ కూడా రాదు. ఐఫెల్‌లో మేయర్ ఆలోచించి వదిలేసిన లోపలి పిలుపు ఇక్కడ ప్రాక్సీ కట్టిన తీరు వల్ల జారిపోయింది. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఈ గోతిలో పడి రెండు రోజులు కొట్టుకుంటారు. ఇలాంటి లోపలి పిలుపే లేకుండా కోడ్‌ని తిరగరాసుకోవడం ఉత్తమమని స్ప్రింగ్ పత్రాలే చెబుతాయి. అది కుదరని వాళ్లకి ఆస్పెక్ట్‌జె అల్లకం దారి ఎలాగూ తెరిచే ఉంది. అప్పుడు కోడ్ క్లాసు లోపలే నేసి ఉంటుంది కాబట్టి ఎవరు పిలిచినా నడుస్తుంది.

రూబీ ఆన్ రైల్స్‌లో ఈ ముందు కోడ్ పేరు మొదట ‘బిఫోర్ ఫిల్టర్’. 2013లో నాలుగో వెర్షన్‌తో ‘బిఫోర్ యాక్షన్’ అనే పేరు వచ్చింది. అక్కడ పై క్లాసు పెట్టిన తనిఖీని కింది క్లాసు పేరు పెట్టి మరీ వద్దనుకోవచ్చు, ఆ వద్దనుకోవడం కోడ్‌లో కనిపిస్తుంది. అంతకు చాలా ముందే, స్ప్రింగ్ 1.0 వచ్చిన 2004లోనే, పైథాన్ 2.4 ఇంకో దారి పట్టింది. ఒక్క ‘@’ గుర్తు ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఆ భాష వాళ్లు నెలల తరబడి పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట వచ్చే భాగంలో.